దృష్టి మెదడు ఎదుగుదలలో ఎండోకాన్నబినాయిడ్ల పాత్ర

ఎండోకాన్నబినాయిడ్లు మానవులతో సహా వెన్నెముక గల జంతువుల శరీరంలో సహజంగా తయారయ్యే కొవ్వు జాతి సంకేత రసాయనాలు. గంజాయి మొక్కలోని మత్తు పదార్థం మెదడులో ఏ గ్రాహకాలకు అతుక్కుని పనిచేస్తుందో, ఇవి కూడా ఆ గ్రాహకాలకే అతుక్కుని పనిచేస్తాయి. పెద్దవారి మెదడులో ఆకలి, నొప్పి, జ్ఞాపకం, భయం వంటి వాటిపై వీటి ప్రభావం ఉంటుంది. ఎదుగుతున్న మెదడులో వీటికి మరొక ముఖ్యమైన పని కూడా ఉన్నది. ఏ నాడీ తీగ ఎటు పెరగాలి, ఎక్కడ ఆగాలి, ఏ నాడీ సంధి నిలవాలి, ఏది బలహీనపడాలి అనే విషయాలను నిర్ణయించే అనేక సంకేతాలలో ఇవి కూడా ఒకటి.

ఈ పనిని శాస్త్రజ్ఞులు వివరంగా పరిశీలించిన చోట్లలో దృష్టికి సంబంధించిన మెదడు భాగాలు ముఖ్యమైనవి. కంటి నుండి మెదడు వెనుక భాగం వరకు ఉన్న ఈ మార్గం నిర్మాణం బాగా తెలిసినది కావడం, ఒక కన్నును మూసి ఉంచితే మెదడులో కలిగే మార్పును కొలిచే అవకాశం ఉండడం ఇందుకు కారణాలు. గర్భిణీ స్త్రీలు గంజాయి వాడితే బిడ్డ మెదడుకు ఏమవుతుంది అనే ప్రశ్న కూడా ఈ పరిశోధనలతో ముడిపడి ఉన్నది.

పేరు, చరిత్ర

గ్రీకు భాషలో "ఎండో" అనగా లోపలి అని అర్థం. కాన్నబిస్ అనేది గంజాయి మొక్క ప్రజాతి పేరు. కాబట్టి ఎండోకాన్నబినాయిడ్ అంటే శరీరం లోపల పుట్టే గంజాయి వంటి పదార్థం అని చెప్పుకోవచ్చును. పేరు ఇలా ఉన్నప్పటికీ ఈ రసాయనాలకు గంజాయి మొక్కతో పుట్టుక సంబంధం ఏమీ లేదు. మొక్కలోని పదార్థం ముందుగా తెలిసి, శరీరంలోని పదార్థం తరువాత తెలియడం వలన ఈ పేరు వచ్చినది.

1964లో ఇజ్రాయెల్ దేశానికి చెందిన రాఫెల్ మెషూలం, యెహియేల్ గావోని గంజాయిలో మత్తు కలిగించే ముఖ్య పదార్థమైన టెట్రాహైడ్రోకాన్నబినాల్‌ను వేరుచేసి దాని నిర్మాణాన్ని నిర్ణయించారు. దీనినే క్లుప్తంగా టిహెచ్‌సి అంటారు. ఇది మెదడులో దేనికి అతుక్కుంటుంది అన్న ప్రశ్నకు సమాధానం రావడానికి మరో రెండు దశాబ్దాలకు పైగా పట్టినది. 1988లో అమెరికాలోని సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయంలో అలిన్ హౌలెట్, విలియం డివేన్ తదితరులు ఎలుక మెదడులో ఇందుకు ప్రత్యేకమైన గ్రాహకం ఉన్నదని చూపారు. 1990లో లీసా మత్సుదా బృందం ఆ గ్రాహకం జన్యువును గుర్తించినది. దీనికి సిబి1 అని పేరు పెట్టారు. 1993లో రెండవ గ్రాహకమైన సిబి2 బయటపడినది. ఇది ప్రధానంగా రోగనిరోధక వ్యవస్థకు చెందిన కణాలలో ఉంటుంది.

మెదడులో తాళం ఉన్నప్పుడు దానికి తగిన తాళంచెవి కూడా శరీరంలోనే ఉండాలి కదా! 1992లో మెషూలం ప్రయోగశాలలో డివేన్, లూమీర్ హనూష్ తదితరులు పంది మెదడు నుండి అటువంటి పదార్థాన్ని వేరుచేశారు. దానికి సంస్కృతంలోని "ఆనంద" శబ్దాన్ని తీసుకుని ఆనందమైడ్ అని పేరు పెట్టారు. 1995లో మెషూలం బృందం, జపాన్‌కు చెందిన సుగియురా బృందం విడివిడిగా రెండవ పదార్థాన్ని కనుగొన్నాయి. దీని పేరు 2-అరాకిడొనాయిల్‌గ్లిసరాల్, క్లుప్తంగా 2-ఎజి. మెదడులో ఆనందమైడ్ కంటే 2-ఎజి చాలా ఎక్కువ పరిమాణంలో ఉంటుంది.

వ్యవస్థలోని భాగాలు

ఎండోకాన్నబినాయిడ్ వ్యవస్థలో మూడు రకాల భాగాలు ఉన్నాయి.

* సంకేత రసాయనాలు: ఆనందమైడ్, 2-ఎజి వీటిలో ముఖ్యమైనవి. రెండూ అరాకిడొనిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం నుండి ఏర్పడినవే.
* గ్రాహకాలు: సిబి1, సిబి2. మెదడులో అత్యధికంగా కనిపించే గ్రాహకాలలో సిబి1 ఒకటి.
* ఎంజైములు: 2-ఎజిని తయారుచేసే ఎంజైమును డైఎసైల్‌గ్లిసరాల్ లైపేజ్ అని, దానిని విచ్ఛిన్నం చేసే ఎంజైమును మోనోఎసైల్‌గ్లిసరాల్ లైపేజ్ అని అంటారు. ఆనందమైడ్‌ను విచ్ఛిన్నం చేసే పని మరొక ఎంజైముది.

ఇతర నాడీ సందేశ రసాయనాలకు, వీటికి ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. గ్లుటమేట్, గాబా వంటి రసాయనాలు ముందే తయారై, నాడీ కణం చివర చిన్న చిన్న సంచులలో నిలవ ఉంటాయి. ఎండోకాన్నబినాయిడ్లకు అటువంటి నిలవ లేదు. కొవ్వులో కరిగే పదార్థాలు కనుక అవి సంచులలో ఆగవు. అవసరం కలిగినప్పుడు కణత్వచంలోని కొవ్వు నుండి అప్పటికప్పుడు తయారై, పని ముగియగానే ఎంజైముల వలన నశిస్తాయి. అందువలన వీటి ప్రభావం సాధారణంగా పుట్టిన చోటికి దగ్గరలోనే, కొద్దిసేపు మాత్రమే ఉంటుంది. ఈ విషయాన్ని పాఠకులు గుర్తు పెట్టుకోవాలి. గంజాయి వలన కలిగే హాని గురించి తరువాత చెప్పుకునే విషయాలకు ఇదే ఆధారం.

వెనుకకు నడిచే సంకేతం

రెండు నాడీ కణాలు కలిసే చోటును నాడీ సంధి అంటారు. సందేశాన్ని పంపే కణాన్ని సంధి పూర్వకణం అని, అందుకునే కణాన్ని సంధి పరకణం అని పిలుస్తారు. సాధారణంగా సందేశం పూర్వకణం నుండి పరకణానికి, ఒకే దిశలో నడుస్తుంది. ఎండోకాన్నబినాయిడ్లు ఇందుకు విరుద్ధంగా నడుస్తాయి. అవి పరకణంలో పుట్టి, సంధిని వెనుకకు దాటి, పూర్వకణం చివర ఉన్న సిబి1 గ్రాహకాలకు అతుక్కుంటాయి. దానితో పూర్వకణంలోనికి కాల్షియం ప్రవేశం తగ్గుతుంది. కాల్షియం తగ్గితే ఆ కణం విడుదల చేసే సందేశ రసాయనం కూడా తగ్గుతుంది.

పొలానికి నీరు పెట్టే పద్ధతితో దీనిని పోల్చవచ్చును. నీరు ఎప్పుడూ పై నుండి కిందికే పారుతుంది. కాని కింది మడి నిండినప్పుడు అక్కడ ఉన్న రైతు కేక వేస్తే, పైన ఉన్న మనిషి తూము దించుతాడు. నీరు కిందికి వచ్చినది, కబురు పైకి పోయినది. ఎండోకాన్నబినాయిడ్లు ఆ కేక వంటివి.

ఈ తిరోగమన సంకేతం 2001లో స్పష్టమైనది. ఆ సంవత్సరం రేచల్ విల్సన్, రోజర్ నికోల్ ఒక బృందంగా, జపాన్‌లో మసనోబు కానో తదితరులు మరొక బృందంగా, అనాటోల్ క్రైట్జర్, వేడ్ రెగర్ మూడవ బృందంగా దాదాపు ఒకేసారి దీనిని నిరూపించారు. ఈ ప్రభావం కొన్ని సెకన్ల పాటే ఉండవచ్చును. సంకేతం తగినంత సేపు కొనసాగితే సంధి చాలాకాలం పాటు బలహీనంగా ఉండిపోతుంది. దీనిని దీర్ఘకాలిక క్షీణత అంటారు. ఎదిగే మెదడులో అనవసరమైన సంధులను తగ్గించే పనికి ఈ రెండవ రకం ప్రభావమే ఉపయోగపడుతుంది.

కంటి నుండి మెదడుకు మార్గం

తరువాతి విషయాలు అర్థం కావడానికి దృష్టి మార్గాన్ని క్లుప్తంగా తెలుసుకోవాలి. కంటిలో వెనుకవైపు ఉన్న రెటీనాలో కాంతి విద్యుత్ సంకేతంగా మారుతుంది. రెటీనాలోని చివరి వరుస కణాలను గాంగ్లియాన్ కణాలు అంటారు. వీటి నుండి బయలుదేరే పొడవాటి తీగలను తంత్రికాక్షాలు అంటారు. మానవులలో ఒక్కొక్క కంటి నుండి పది లక్షలకు పైగా తంత్రికాక్షాలు కట్టగా కూడి దృష్టి నాడిగా ఏర్పడతాయి.

రెండు దృష్టి నాడులు మెదడు అడుగు భాగాన కలుసుకుంటాయి. అక్కడ కొన్ని తీగలు అటునుండి ఇటు దాటుతాయి, కొన్ని తమ వైపే సాగిపోతాయి. మానవులలో సగానికి కొద్దిగా ఎక్కువ తీగలు దాటుతాయి. చిట్టెలుకలలో బహు కొద్ది తీగలు తప్ప మిగిలినవన్నీ దాటుతాయి. అక్కడి నుండి ఈ తీగలలో ఎక్కువ భాగం థలామస్‌లోని పార్శ్వ జానుకేంద్రకాన్ని చేరుతాయి. మోకాలి వలె వంగి ఉండడం వలన దీనికి ఆ పేరు వచ్చినది. ఈ కేంద్రకంలో కుడి కంటి తీగలు ఒక చోట, ఎడమ కంటి తీగలు మరొక చోట విడివిడిగా ఉంటాయి. అక్కడి నుండి సమాచారం మెదడు వెనుక భాగంలోని దృష్టి వల్కలానికి పోతుంది. దృష్టి వల్కలంలో ఆరు పొరలు ఉంటాయి. థలామస్ నుండి వచ్చే తీగలు ముఖ్యంగా నాల్గవ పొరను చేరుతాయి. అక్కడి నుండి సమాచారం రెండు, మూడు పొరలకు అందుతుంది.

ఈ అమరిక అంతా మొదటి నుండి ఇంత చక్కగా ఉండదు. జానుకేంద్రకంలో రెండు కళ్ళ తీగలు మొదట ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. క్రమంగా ఒక కంటికి చెందని చోట నుండి ఆ కంటి తీగలు ఉపసంహరించుకుంటాయి. మెదడు నిర్మాణంలో కొత్త సంధులను కట్టడం ఎంత ముఖ్యమో, ఉన్నవాటిలో కొన్నింటిని తీసివేయడం కూడా అంతే ముఖ్యం. ఒత్తుగా మొలిచిన మొక్కలను పలుచన చేస్తేనే పైరు ఏపుగా పెరుగుతుంది. ఎండోకాన్నబినాయిడ్ల పాత్ర ప్రధానంగా ఈ రెండవ పనిలో కనిపిస్తుంది.

పిండదశలో తీగలకు దారి

పెరిగే తంత్రికాక్షం కొనన అరచేయి వంటి భాగం ఒకటి ఉంటుంది. దీనిని వృద్ధి శంకువు అంటారు. ఇది పరిసరాలలోని రసాయన సంకేతాలను పసిగడుతూ, కొన్నింటి వైపు సాగుతుంది, కొన్నింటి నుండి ముడుచుకుంటుంది. నాడీ సంధులు ఏర్పడక ముందే ఈ శంకువుల మీద సిబి1 గ్రాహకాలు ఉంటాయి. 2007లో టిబోర్ హర్కానీ బృందం ఎండోకాన్నబినాయిడ్ల వలన వల్కలంలోని కొన్ని నాడీ కణాల వృద్ధి శంకువులు వెనుదిరుగుతాయని, మెదడులో తీగల అనుసంధానానికి ఈ సంకేతం అవసరమని చూపినది.

దృష్టి మార్గంలో ఇదే విషయాన్ని కెనడాలోని మాంట్రియల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఝాన్ ఫ్రాంస్వా బుషార్ బృందం పరిశీలించినది. 2011లో వెలువడిన వీరి ఫలితాలు ఈ విధంగా ఉన్నాయి.

* ప్రయోగశాలలో పెంచిన రెటీనా ముక్కలకు సిబి1 గ్రాహకాన్ని ప్రేరేపించే మందు ఇచ్చినప్పుడు వృద్ధి శంకువులు ముడుచుకుపోయినవి.
* వల్కలం నుండి తీసి పెంచిన నాడీ కణాలకు సిబి1ను అడ్డుకునే మందు ఇచ్చినప్పుడు వాటి వృద్ధి శంకువులు విశాలమైనవి.
* జంతువు కంటిలోనికి ప్రేరక మందును ఎక్కించినప్పుడు రెటీనా తీగల పెరుగుదల తగ్గినది. నిరోధక మందును ఎక్కించినప్పుడు పెరుగుదల హెచ్చినది, అయితే కొన్ని తీగలు దారి తప్పినవి.
* పుట్టుకతోనే సిబి1 జన్యువు లేని చిట్టెలుకలలో, పెద్దయిన తరువాత కూడా, జానుకేంద్రకంలో రెండు కళ్ళ తీగలు సరిగా వేరుపడలేదు.

వీటిలో మూడవ ఫలితం గమనించదగినది. సంకేతం ఎక్కువైతే తీగ ఎదగదు. తక్కువైతే ఎదుగుతుంది కాని, చేరవలసిన చోటికి చేరదు. అంటే ఇక్కడ ఎండోకాన్నబినాయిడ్లు పెరుగుదలకు శత్రువులు కావు, మిత్రులు కావు. సరైన చోట సరైన మోతాదులో ఆపే కళ్ళెం వంటివి. ఈ కళ్ళెం ఒంటరిగా పనిచేయదు. తీగలకు దారి చూపే నెట్రిన్ అనే మాంసకృత్తు ఒకటి ఉన్నది. దానిని గుర్తించే డిసిసి అనే గ్రాహకం కణం ఉపరితలానికి ఎంత చేరాలి అనే విషయాన్ని సిబి1 ప్రభావితం చేస్తుందని ఈ బృందమే చూపినది. సిబి2 గ్రాహకం కూడా రెటీనా తీగల దారిని ప్రభావితం చేస్తుందని వీరు 2013లో ప్రకటించారు.

కీలక దశ

పుట్టిన తరువాత దృష్టి మెదడు చూపు ద్వారా కలిగే అనుభవంపై ఆధారపడి తుదిరూపు పొందుతుంది. ఈ విషయాన్ని డేవిడ్ హ్యూబెల్, టార్స్‌టెన్ వీజెల్ నిరూపించారు. 1963లో వీరు పిల్లి కూనల ఒక కంటి రెప్పలను కుట్టివేసి, రెండు మూడు నెలల తరువాత తెరిచి చూశారు. ఆ కన్ను, దాని రెటీనా చాలావరకు మామూలుగానే ఉన్నాయి. అయినప్పటికీ దృష్టి వల్కలంలోని కణాలు ఆ కంటికి దాదాపుగా స్పందించడం మానివేశాయి. అవన్నీ తెరిచి ఉన్న కంటికే పరిమితమైనవి. పెద్ద పిల్లులలో ఇదే పని చేసినప్పుడు ఇటువంటి మార్పు రాలేదు. మార్పుకు లోనయ్యే ఈ పరిమిత కాలాన్ని కీలక దశ అంటారు. ఈ కృషికి గాను వీరు 1981లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతిని రోజర్ స్పెర్రీతో పంచుకున్నారు.

కీలక దశ జంతువును బట్టి మారుతుంది. పిల్లులలో ఇది నాల్గవ వారం నుండి సుమారు మూడు నెలల వరకు ఉంటుంది. చిట్టెలుకలలో పుట్టిన నాల్గవ వారంలో అత్యంత తీవ్రంగా ఉంటుంది. మానవులలో సుమారు ఏడెనిమిది సంవత్సరాల వయసు వరకు కొనసాగుతుంది. ఆ వయసులో మెల్లకన్ను వలన గాని, పుట్టుకతో వచ్చిన శుక్లం వలన గాని, రెండు కళ్ళ చూపులో ఎక్కువ తేడా వలన గాని ఒక కంటి నుండి స్పష్టమైన బొమ్మ మెదడుకు అందకపోతే, ఆ కంటికి ఆంబ్లియోపియా అనే మందదృష్టి వస్తుంది. తరువాత కన్ను బాగుపడినా, అద్దాలు పెట్టినా చూపు పూర్తిగా రాకపోవచ్చును. లోపం కంటిలో కాక మెదడులోని సంధులలో ఉండడమే ఇందుకు కారణం.

మూసిన కంటికి చెందిన సంధులు ఎలా బలహీనపడతాయి అనే ప్రశ్న ఇక్కడ ఉదయిస్తుంది. ఎండోకాన్నబినాయిడ్లు ఈ సమాధానంలో ఒక భాగం.

ఏ పొరలో ఏ పద్ధతి

2003లో పెర్ యెస్పర్ షోస్ట్రోం, జీనా టురిజియానో, సాచా నెల్సన్ ఎలుక దృష్టి వల్కలంలోని ఐదవ పొర కణాలను జంటలుగా పరిశీలించారు. పరకణం ముందు, పూర్వకణం తరువాత ఉత్తేజితమయ్యే క్రమంలో సంకేతాలు వచ్చినప్పుడు వాటి మధ్య సంధి బలహీనపడినది. ఇందుకు పూర్వకణం మీద రెండు రకాల గ్రాహకాలు ఒకేసారి ప్రేరేపితం కావాలి. ఒకటి పూర్వకణం విడుదల చేసిన గ్లుటమేట్‌ను గుర్తించే ఎన్ఎండిఎ గ్రాహకం. రెండవది పరకణం నుండి వెనుకకు వచ్చిన ఎండోకాన్నబినాయిడ్‌ను గుర్తించే సిబి1. ఈ రెండు షరతులు ఉండడం వలన, సమయానికి సరిపడని సంధి మాత్రమే బలహీనపడుతుంది, పక్కనున్న సంధులు క్షేమంగా ఉంటాయి.

ఆ తరువాత అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో మార్క్ బేర్ బృందం పొరలను వేరువేరుగా పరిశీలించినది. చిట్టెలుకల దృష్టి వల్కలంలో సంధులు బలహీనపడే తీరు పొరను బట్టి మారుతుందని 2007లో తేలినది. నాల్గవ పొరలో పరకణం తన ఉపరితలం మీది గ్లుటమేట్ గ్రాహకాలను లోనికి లాక్కుంటుంది. అంటే వినే కణం చెవులు మూసుకుంటుంది. రెండు, మూడు పొరలలో మాత్రం సిబి1 ద్వారా పూర్వకణం విడుదల తగ్గుతుంది. అంటే మాట్లాడే కణం గొంతు తగ్గిస్తుంది.

2008లో ఈ బృందమే జీవించి ఉన్న చిట్టెలుకలలో దీనిని పరీక్షించినది. కీలక దశలో ఉన్న చిట్టెలుకలకు కొద్ది రోజులు ఒక కన్ను మూసి, అదే సమయంలో సిబి1ను అడ్డుకునే మందు ఇచ్చారు. రెండు, మూడు పొరలలో మూసిన కంటికి కలగవలసిన నష్టం ఆగిపోయినది. నాల్గవ పొరలో మాత్రం నష్టం యథావిధిగా జరిగినది. ఒకే మెదడులో, ఒకే అనుభవానికి, పక్కపక్కనే ఉన్న పొరలు రెండు వేర్వేరు రసాయన పద్ధతులను అనుసరిస్తున్నాయని దీనివలన తెలిసినది. పై పొరలు కింది పొర నుండి వచ్చిన నష్టాన్ని ఉన్నదున్నట్లు అందుకోవడం లేదనీ, తమ మార్పును తామే చేసుకుంటున్నాయనీ కూడా దీని అర్థం.

నిరోధక సంధుల పరిణతి

మెదడులో ఉత్తేజపరిచే సంధులే కాక, ఉత్తేజాన్ని అదుపు చేసే నిరోధక సంధులు కూడా ఉంటాయి. వీటిలో గాబా సందేశ రసాయనంగా పనిచేస్తుంది. దృష్టి వల్కలంలో కీలక దశ మొదలు కావడానికి, ముగియడానికి ఈ నిరోధక సంధుల పరిణతి ఒక ముఖ్య కారణం.

పుట్టిన కొత్తలో ఈ సంధులు సంఖ్యలో తక్కువగా ఉంటాయి. అవి ప్రతి సంకేతానికి ఎక్కువ గాబాను విడుదల చేసి త్వరగా అలసిపోతాయి. పరిణతి చెందిన సంధులు పొదుపుగా విడుదల చేసి, వరుసగా వచ్చే సంకేతాలకు కూడా నిలకడగా స్పందించగలవు. 2010లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో ఆల్ఫ్రెడో కిర్క్‌వుడ్ బృందం ఈ మార్పుకు ఎండోకాన్నబినాయిడ్లు అవసరమని చూపినది. కళ్ళు తెరిచి, వెలుతురు చూసిన తరువాత కలిగే నాడీ చైతన్యం వలన ఎండోకాన్నబినాయిడ్లు విడుదలై, అపరిణత నిరోధక సంధులలో దీర్ఘకాలిక క్షీణతను కలిగిస్తాయి. క్షీణత అనే మాట వినడానికి నష్టంగా తోచినా, ఇక్కడ అది పరిణతికి మార్గం.

తోకకప్పలలో చూపు

ఎండోకాన్నబినాయిడ్లు ఎప్పుడూ సంకేతాలను తగ్గించడమే చేస్తాయని అనుకోరాదు. 2016లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్వర్డ్ రూథేజర్ బృందం జెనోపస్ జాతి కప్పల తోకకప్పలపై జరిపిన ప్రయోగం ఇందుకు నిదర్శనం. వీటి రెటీనాలో సిబి1 ప్రేరేపితమైనప్పుడు గాంగ్లియాన్ కణాల లోపల క్లోరైడ్ పరిమాణం తగ్గి, ఆ కణాలు మరింత సులభంగా స్పందించినవి. నీటిలో కదిలే చుక్కలను తప్పించుకునే పరీక్షలో, మసక వెలుతురులో ఈ తోకకప్పలు వెలుగునీడల తేడాను మరింత బాగా గుర్తించినవి.

గంజాయి వాడిన తరువాత రాత్రిపూట చూపు మెరుగవుతుందని జమైకా జాలరులు చెప్పే మాటను 1991లో ఎం. ఇ. వెస్ట్ అనే పరిశోధకుడు నేచర్ పత్రికలో ప్రస్తావించాడు. తోకకప్పల ఫలితాన్ని ఆ మాటతో కలిపి చెప్పుకోవడం పరిపాటి అయినది. అయితే తోకకప్ప కంటిలో జరిగినది మానవుని కంటిలోనూ అలాగే జరుగుతుందని ఈ ప్రయోగం నిరూపించలేదు.

గర్భిణులు, గంజాయి

గంజాయి, చరస్, భంగు మూడూ ఒకే మొక్క నుండి వచ్చినవే. మూడింటిలోనూ టిహెచ్‌సి ఉంటుంది. ఇది మాయను దాటి తల్లి రక్తం నుండి పిండానికి చేరుతుంది. తల్లి పాలలో కూడా చేరుతుంది. కొవ్వులో కరిగేది కనుక శరీరంలో చాలా రోజులు నిలవ ఉంటుంది.

శరీరంలోని ఎండోకాన్నబినాయిడ్లకు, బయటి నుండి వచ్చే టిహెచ్‌సికి ఉన్న తేడా ఇక్కడ ముఖ్యం. మొదటివి ఒక సంధి దగ్గర పుట్టి, ఆ సంధి దగ్గరనే కొద్దిసేపు పనిచేసి నశిస్తాయి. రెండవది రక్తం ద్వారా మెదడంతటా వ్యాపించి, ఏ సంధికి సంకేతం అవసరమో ఏ సంధికి అక్కర లేదో తెలియకుండా, అన్నిచోట్లా గ్రాహకాలకు అతుక్కుంటుంది. ఒక రైతు కేక వేసి తన మడికి తూము దించమనడానికి, ఊరిలోని తూములన్నింటినీ ఎవరో ఒకేసారి దించివేయడానికి ఎంత తేడా ఉందో ఇక్కడ కూడా అంత తేడా ఉన్నది.

మానవ పిండం మెదడులో గర్భం మధ్య నెలల నాటికే సిబి1 గ్రాహకాలు ఉంటాయి. 2014లో హర్కానీ బృందం చిట్టెలుకలలో, గర్భంలో ఉండగా టిహెచ్‌సి సోకినప్పుడు తంత్రికాక్షాల పెరుగుదలకు తోడ్పడే స్టాత్మిన్-2 అనే మాంసకృత్తు తగ్గుతుందని చూపినది. గంజాయి ప్రభావానికి లోనైన మానవ పిండాల మెదడులలో కూడా ఇటువంటి తగ్గుదల కనిపించినది.

పిల్లల చూపుపై జరిగిన అధ్యయనాల ఫలితాలు మాత్రం ఒకే దిశలో లేవు. కెనడాలోని ఒటావాలో 1978లో మొదలైన దీర్ఘకాలిక అధ్యయనంలో, గర్భంలో ఉండగా గంజాయి సోకిన పిల్లలకు 9 నుండి 12 సంవత్సరాల వయసులో పరీక్షలు జరిపారు. చూసినదానిని విశ్లేషించి, కూర్చి, సమస్యను సాధించే పరీక్షలలో వారు కొంత వెనుకబడినారు. 2015లో వెలువడిన న్యూజీలాండ్ అధ్యయనంలో, వివిధ మత్తుపదార్థాలు సోకిన 145 మంది నాలుగున్నర సంవత్సరాల పిల్లలను పరీక్షించారు. అనేక చుక్కల కదలికలో మొత్తం దిశను పోల్చుకునే శక్తి, మద్యం సోకిన పిల్లలలో తగ్గినది, గంజాయి సోకిన పిల్లలలో హెచ్చినది. చూపు తీక్షణత, లోతును పోల్చుకునే శక్తి వంటి ఇతర విషయాలలో తేడా కనిపించలేదు.

ఈ చివరి ఫలితాన్ని గంజాయి మేలు చేస్తుంది అనడానికి ఆధారంగా తీసుకోకూడదు. ఒక పరీక్షలో మార్కులు పెరగడం, మెదడు మంచిగా ఎదిగినది అనడానికి గుర్తు కాదు. సిబి1ను అడ్డుకున్నప్పుడు రెటీనా తీగలు పొడవుగా పెరిగి దారి తప్పిన సంగతి పైన చూశాము. దృష్టి మెదడు ఎదుగుదల మామూలు దారి నుండి మారినదని మాత్రమే ఈ ఫలితం సూచిస్తుంది. గర్భధారణ సమయంలోను, బిడ్డకు పాలిచ్చే కాలంలోను గంజాయి వాడరాదని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం సలహా ఇస్తుంది.

ప్రాముఖ్యత

దృష్టి మెదడు ఎదుగుదలలో ఒకే వ్యవస్థ వేర్వేరు కాలాలలో వేర్వేరు పనులు చేస్తున్నది. పిండదశలో తీగలకు హద్దు చూపుతుంది. కళ్ళు తెరిచిన తరువాత నిరోధక సంధులను పరిణతి చెందిస్తుంది. కీలక దశలో వాడుకలో లేని కంటి సంధులను తగ్గిస్తుంది. వీటన్నింటిలోనూ సమయం, స్థలం, మోతాదు అనే మూడు విషయాలే ఫలితాన్ని నిర్ణయిస్తాయి.

మందదృష్టికి ఇప్పటికీ ప్రధాన చికిత్స, లోపాన్ని చిన్న వయసులోనే గుర్తించి, తగిన అద్దాలు ఇచ్చి, బాగా చూసే కంటిని రోజూ కొంతసేపు కప్పి ఉంచడం. పై పరిశోధనల నుండి ఈ వ్యాధికి మందు ఏదీ ఇంకా రాలేదు. అయితే పసితనంలో ఒక కన్ను మూతపడితే కొద్ది రోజులలోనే మెదడు ఆ కంటిని ఎందుకు వదులుకుంటుందో ఇవి కొంతవరకు వివరించాయి. పిల్లల కంటి పరీక్షను బడికి పోయే వయసు వచ్చేదాకా వాయిదా వేయరాదు అనే వైద్యుల మాటకు ఇది బలమైన కారణం.

ఇవి కూడా చూడండి

* కన్ను
* రెటీనా
* మెదడు
* నాడీ వ్యవస్థ
* గంజాయి
* మెల్లకన్ను